కట్టెల బంగ్లాలో అబద్ధాలాయన

పోయిన వారం నాకు నాగార్జున సాగర్‌కు కిరాయి తగిలింది. ఉప్పల్ దగ్గర ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని, వాళ్ళ పిల్లల కోసం దారి పొడవునా ఒకటే పాట మళ్ళీ మళ్ళీ పెట్టి, మధ్యాహ్నానికి నీళ్ళ ఒడ్డున గాజు కాటేజీల ముందు దింపాను. సామాన్లు దించుతుంటే గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. పాత హోటల్లో గడ్డి కోసిన మనిషే. ఇప్పుడు నీలం రంగు యూనిఫాం తొడిగారు.

"అన్నా, కాకా పోయిండు," అన్నాడు.

"ఏ కాకా?"

"ఏ కాకా అంటవేందే? మన కట్టెల బంగ్లా కాకా."

ఎప్పుడని అడిగితే బతుకమ్మ పండుగ ముందట అన్నాడు. దినాలు కూడా అయిపోయాయట. నాకు మండింది. ఇన్నేళ్ళ సోపతి, ఒక్కడికైనా నాకు ఫోన్ చెయ్యబుద్ధి కాలేదా అని గేటు దగ్గరే తిట్టాను. "నీ నంబర్ ఎవలికాడ ఉన్నదన్నా? కాకా ఫోన్ల ఉండె. ఆ ఫోనే ఏడబోయిందో ఎర్కలే," అన్నాడు పాపం. అతన్ని తిట్టి ఏం లాభం! కారు నీడకు పెట్టి, సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాను. నిద్ర రాలేదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆ పేరు పట్టుకుని, ఆయన చెప్పినవాటిలో ఏది నిజం, ఏది కల్ల అని తవ్వేవాళ్ళు బయల్దేరతారు. బతికుండగా తవ్వింది చాలు.

ఇప్పుడు గాజు కాటేజీలున్న జాగాలోనే ఆ బంగ్లా ఉండేది. బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరు ఉండేది గానీ, మా డ్రైవర్లకూ హిల్ కాలనీ జనానికీ అది కట్టెల బంగ్లాయే. రాతి పునాది మీద రెండంతస్తులు. గోడలు కట్టె, నేల కట్టె, మెట్లు కట్టె, పైకప్పు కింద దూలాలు కట్టె. ముందు వైపు పొడవాటి వరండా, దానికి నిలువెత్తు టేకు స్తంభాలు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే కృష్ణ నీళ్ళు అవతలి గుట్టల దాకా కనబడేవి. వాన పడ్డ మర్నాడు లోపల అడుగుపెడితే పాత సందూకు తెరిచినట్టు వాసన వచ్చేది. ఒక్క రాత్రికి అక్కడ ఎంత తీసుకుంటారో వింటే మా కట్టంగూరు ఊరోళ్ళు కళ్ళు తేలేసేవాళ్ళు. అయినా పెద్ద పెద్ద కార్లు వచ్చేవి.

ఆ కట్టెంతా చివరికి ఇటుక బట్టీలకు పోయింది. కూలగొట్టినవాళ్ళు లాట్లుగా అమ్మజూపితే చుట్టుపక్కల ఎవరూ ఇంటికి పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు. ఎందుకో తర్వాత చెప్తాను. ట్రాక్టర్ల మీద పోతుంటే ఆయన హిల్ కాలనీ చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడట. లేవలేదట. ఆ తర్వాత కూడా ఆ బల్ల మీదే కూర్చునేవాడు. పాత గెస్టు ఎవరైనా గుర్తుపట్టి, "ఒక కథ చెప్పరాదా పెద్దాయనా," అంటే, "ఏం కథ బిడ్డా, చాయ్ తాగు," అనేవాడు. ఆయన నోటి వెంట ఆ ముక్క విన్నప్పుడు నేను నమ్మలేకపోయాను. ఎందుకంటే ఆ మనిషి కథ అడిగితే కాదనగా నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

నేను డిగ్రీ చదివినవాణ్ణి. రాష్ట్రం వస్తే కొలువులొస్తాయని ర్యాలీల్లో గొంతు చించుకుని, రాష్ట్రం వచ్చినంక కొన్నాళ్ళు పరీక్షలకు చదివి, మా బావమరిది పోరు పడలేక కారు కొన్నాను. మొదటి కిరాయిల్లోనే ఒకసారి కట్టెల బంగ్లాకు వెళ్ళాను. మెట్ల దగ్గర తెల్లకోటు, ఇత్తడి గుండీలు, కాళ్ళకు చెప్పులు లేని మనిషి నిలబడి ఉన్నాడు. గుండీలు ఎంత తోమాడంటే ఎండకు కళ్ళు చెదిరాయి. ఆయన ఉద్యోగమేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. మేనేజరు వేరే ఉన్నాడు, వంటవాళ్ళున్నారు, గదులు ఊడ్చేవాళ్ళున్నారు. ఈయన మాత్రం వచ్చినవాళ్ళకు బంగ్లా చూపించేవాడు.

చూపించే ముందు మనిషి మొహం చూడడు. చెప్పులు చూస్తాడు, సామాను చూస్తాడు, పిల్లల్ని ఏ భాషలో తిడుతున్నారో వింటాడు. అంతే, ఏ కథ చెప్పాలో తేలిపోతుంది. స్తంభం దగ్గర ఆగి, వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, "వినుండ్రి సారూ, ఎట్ల మోగుతాందో," అని మొదలుపెడతాడు.

పాతబస్తీ నుంచి వచ్చిన కుటుంబానికి అది నిజాం తన బేగం గాలి మార్పు కోసం కట్టించిన మహల్. బేగంకు రాతి నేల పడదు, కాళ్ళు లాగుతాయి, అందుకని మొత్తం కట్టెతో కట్టించాడు. గుంటూరు మిల్లు యజమానికి అవే స్తంభాలు విజయనగర రాజుల గుర్రపుశాలవి. సాఫ్ట్‌వేర్ పిల్లలు వస్తే ఒక హీరోయిన్ పై గదిలో మూడు రోజులు అలిగి తలుపు తీయలేదు. ఒకసారి నేను తెచ్చిన తెల్లదొర దంపతులకు, నాకు తెలిసిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో నాచేత చెప్పించిందేమిటంటే, బర్మా నుంచి ఓడలో వచ్చిన కలపను మచిలీపట్నం రేవు నుంచి ఏనుగులు లాక్కొచ్చాయని. దొరసాని ఆ స్తంభాన్ని కావలించుకుని ఫోటో దిగింది. నేను నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటిస్తుంటే, ఆయన నా కాలు తొక్కాడు.

వెనక వంటింటి మెట్ల మీద మా డ్రైవర్లకు భోజనం. ఆయన కూడా అక్కడే తినేవాడు. లోపల వెండి మూతల కింద ఏవేవో వంటకాలు పోతుంటే, ఈయన ఇంటి నుంచి కట్టుకొచ్చిన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. తినేటప్పుడు నీళ్ళ వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. ఎప్పుడూ అంతే.

"కాకా, గీ నీళ్ళు సూడనీకె మందంత పైసలు కట్టి వస్తుంటే నువ్వు వీపు తిప్పుతవేందే?"

"సూసిన తియ్, శానా సూసిన. నువ్వు సూడు."

లాంచీ ఎక్కమన్నా ఎక్కడు. నాగార్జునకొండ ఎన్నడూ చూడలేదు, అయినా చూసొచ్చినట్టు చెప్తాడు. "గిన్ని అబద్ధాలాడితే పాపం తగల్దా కాకా?" అని నేను ఆటపట్టిస్తే, రొట్టె తుంచి కారం అద్దుకుని నిదానంగా చెప్పేవాడు. "ఉత్త కట్టెకు గింత కిరాయి ఎవలిస్తరు తమ్మీ? నేను చెప్పినంక మళ్ల లోపలికి పోయి, అదే మంచం మీద, అదే దూలం కింద పండుకుంటరు. అప్పుడు మంచిగ నిద్ర పడ్తది. నీకేం నష్టమైంది?"

దొరికిపోయినా తడబడేవాడు కాదు. ఒకసారి మళ్ళీ వచ్చిన గెస్టు ఒకాయన పట్టేశాడు. "ఏమయ్యా, పోయినసారి నిజాం కట్టించాడన్నావు. ఇప్పుడు వీళ్ళకు బర్మా సేటు అంటున్నావు?"

"కట్టిచ్చింది నిజామే సారూ. కాలిపాయె. మళ్ల కట్టిచ్చింది సేటు."

"కాలిపోతే ఈ స్తంభాలు పాతవెట్లా అయ్యాయి?"

"స్తంభాలు కాలలే సారూ. టేకు గద."

ఆయనకు కోపమొచ్చే సంగతి ఒక్కటే. ఆ కట్టెను ఎవరైనా పాడుచేస్తే ఊరుకోడు. వరండా కటకటాల మీద తడి తువ్వాళ్ళు ఆరేసిన ఒక పెద్దింటి ఆవిడను, "ఇది దండెం కాదమ్మా," అని అందరి ముందూ అనేశాడు. మేనేజరు నాలుగు చివాట్లు పెట్టినా లెక్కచెయ్యలేదు. మాలో ఒకడు గుట్కా నమిలి మెట్ల పక్కన ఉమ్మితే, "ఇంకోపారి ఉమ్మితె నాలిక కోస్త బిడ్డా," అని తువ్వాలు తడిపి తెచ్చి తానే తుడిచాడు. వానలకు ముందు నిచ్చెన వేసుకుని స్తంభాలకు నూనె రాసేవాడు. ఆ పని ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. ముసలితనంలో నిచ్చెనెక్కొద్దంటే వినేవాడు కాదు. రాస్తున్నప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

మంచి కథలాయన అనుకున్నాను, అంతే. అంతకన్నా ఏముంటుందని నేను ఆలోచించలేదు.

ఒక ఏడాది వానలు ఎగ్గొట్టాయి. ఎండాకాలానికి సాగర్‌లో నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. వరండాలో నుంచి చూస్తే నీళ్ళకు బదులు పగుళ్ళు బారిన బురద కనబడుతుందని గెస్టులు రావడం తగ్గింది. ఒక పొద్దున నేను ఖాళీగా ఉన్నప్పుడు ఆయనే వచ్చి కారు డోరు తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. తెల్లకోటు లేదు. బనీను మీద పాత చొక్కా.

"జర ఒడ్డెంబడి పోనియ్ తమ్మీ. తొవ్వ నేను చెప్త."

కారు పోయినంత దూరం పోయి, తర్వాత నడిచాం. ఎండిన బురద మీద గుల్లలు కాళ్ళకు కసుక్కున దిగుతున్నాయి. నేను చెప్పులతో కూడా కుంటుతున్నాను, ఆయన వట్టి కాళ్ళతోనే ముందు పోతున్నాడు. ఒక చోట మొండిగోడలు మోకాలెత్తున బయటపడి ఉన్నాయి. బండలు పరిచిన సందు ఒకటి తెలుస్తోంది. ఒక అరుగు మిగిలి ఉంది, దాని మీద వరసగా గుండ్రటి రాతి దిమ్మెలు, మధ్యలో గుంటలు.

"గివి స్తంభాల పీటలు," అన్నాడు. "వీటి మీద నిలబడ్డ స్తంభాలే మన బంగ్లా ముందట ఉన్నయి."

నేను నవ్వాను. "గిది ఎవలికి చెప్పే కథ కాకా? కొత్తగ పుట్టిచ్చినవా?"

ఆయన నవ్వలేదు, స్తంభం మీద కొట్టినట్టు దేని మీదా కొట్టలేదు. వంగి ఒక దిమ్మె గుంటలోని బురదను వేళ్ళతో తీసి, చొక్కా అంచుతో తుడిచాడు. అది చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

చెప్పింది ముక్కలు ముక్కలుగా. అది ఆయన పుట్టిన ఊరు. డ్యాం కడుతున్నారు, ఊరు మునుగుతుందని చెప్పి ఖాళీ చేయించారు. పెద్ద ఇండ్లవాళ్ళు ఇండ్లు విప్పి స్తంభాలు, దూలాలు, తలుపులు అమ్ముకుని పోయారు. డ్యాంకు రాళ్ళు తోలిన ఒక కాంట్రాక్టరు అవన్నీ కొన్నాడు. నీళ్ళు ఎక్కడి దాకా వస్తాయో తెలిసినవాడు గనక, ఆ గీతకు కొంచెం పైన జాగా చూసుకుని బంగ్లా లేపాడు. మొదట పెద్ద ఇంజినీర్లకు విడిది, డ్యాం అయిపోయాక హోటల్. ఇండ్లు విప్పిన కూలీల్లో ఆయన నాయిన ఒకడు. కట్టె ఎక్కిన బండ్ల వెనకే వీళ్ళు నడిచొచ్చి, బంగ్లా కట్టడానికి కూలికి కుదిరి, అక్కడే ఉండిపోయారు.

"మరి మీ ఇంటి కట్టె ఏది కాకా? బంగ్లాల ఏ మూల ఉన్నది?"

"మా గుడిసె కట్టె ఎవలు కొంటరు బిడ్డా? పొయ్యిల పెట్టుకున్నం." ఆ అరుగు వైపు చెయ్యి చూపించాడు. "మా అమ్మ గీ దొర అరుగు అలికేది. అలికేటప్పుడే ఎక్కాలె. ఆరినంక ఎక్కొద్దు. దూరం నుంచి సూసి, మంచిగ ఆరింది అనుకునేది. గంతే."

ఎండ నెత్తి మీదికొచ్చింది. "గిదే చెప్పరాదు కాకా గెస్టులకు? నిజాం కన్నా మంచిగుంటది గద," అన్నాను.

"పిచ్చోడివా? మునిగిన ఇంటి కట్టె అంటె ఎవడన్న పండుకుంటడా దాని కింద?"

మా దిక్కు ఆ నమ్మకం గట్టిది. విప్పిన ఇంటి కట్టె తెచ్చి కొత్త ఇంటికి పెట్టరు. అందులోనూ కొంప మునిగి, ఉసూరుమంటూ లేచిపోయినవాళ్ళ ఇంటి కట్టె! ఆ ఇంటి గతే ఈ ఇంటికీ పడుతుందంటారు. ఆ కాంట్రాక్టరు హోటల్ తెరిచిన రోజే పనివాళ్ళందరినీ పిలిచి, ఎవరడిగినా బర్మా టేకు అని చెప్పమన్నాడట. ఆ ఒక్క అబద్ధం యజమానిది. మిగతావన్నీ ఈయన సొంత సాగు. యజమానులు మారారు, ఆయన మారలేదు.

తిరిగొస్తూ కారులో ఒక మాట అన్నాడు. "ఊరోళ్ళు యాడియాడనో పడ్డరు. గుళ్ళె రాయి సుత నీళ్ళల్లనే ఉన్నది. పైన మిగిలింది గిదొక్కటే తమ్మీ. ఏ కథ చెప్పయినా దీన్ని నిలబెట్టాలె." అప్పుడర్థమైంది నాకు, ఆయన కథలు దేని కోసం చెప్తున్నాడో.

ఇక ఆఖరి సంగతి. యజమాని పోయాడు, పిల్లలు పట్టించుకోలేదు, బంగ్లా హైదరాబాద్ పార్టీ ఒకరి చేతికి పోయింది. వాళ్ళకు కావాల్సింది జాగా, కట్టె కాదు. కూలగొట్టి గాజు కాటేజీలు వేస్తామన్నారు. అక్కడ బస చేసిపోయిన ఒక కాలేజీ అమ్మాయి మాత్రం ఊరుకోలేదు, దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించాలని అర్జీ పెట్టింది. ఆ ముద్ర పడితే ఎవరూ కూలగొట్టడానికి ఉండదు. అర్జీ ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఒక కమిటీ వచ్చి చూస్తుందని కబురొచ్చింది.

కాకా నాకు ఫోన్ చేశాడు. గొంతులో పెళ్ళిసందడి. "వాళ్ళను నువ్వే తోలుకరా తమ్మీ. ఏసీ మంచిగెయ్యి. తొవ్వల బ్రేకులు కొట్టకు." ఎవరెవరినో పట్టుకుని ఆ కిరాయి నాకే వచ్చేటట్టు కూడా చేశాడు.

"ఏం చెప్తవు కాకా వాళ్ళకు? నిజామా, విజయనగరమా?"

"ఛీ, ఊకో. సర్కారోళ్ళ ముందట అబద్ధమాడొద్దు. ఉన్నదున్నట్టు చెప్త. ఇన్నేండ్ల సంది నోరు కట్టుకున్న. గీ ఒక్కపారి చెప్పనియ్."

వచ్చింది ఇద్దరు. ఒక మేడం, ఆమెదే ఆఖరి మాట. ఇంకొకాయన కళ్ళద్దాల సారు, పాత కట్టడాల మీద పుస్తకాలు రాసినవాడు. ఇద్దరూ మంచివాళ్ళే. నాకు చాయ్ తాగించారు, పిల్లలెందరని అడిగారు. మాల్ అనే ఊరు దాటాక మేడం ఫోన్ తీసి వీడియోలు పెట్టింది. కట్టెల బంగ్లాలో దిగినవాళ్ళు ఎప్పుడెప్పుడో తీసి పెట్టినవి. ఒకదాంట్లో కాకా వేలి కణుపుతో స్తంభం కొట్టి బేగం కాళ్ళ నొప్పులు చెప్తున్నాడు. ఇంకోదాంట్లో గుర్రాలు. ఇంకోదాంట్లో ఏనుగులు. సారు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "అద్భుతం మేడం. ఈయనకే ఇవ్వాలి వారసత్వ ముద్ర." కాకా చెప్పినట్టు నేను ఏసీ ఇంకొంచెం పెంచాను.

కాకా వరండాలో ఎదురుచూస్తున్నాడు. కోటు ఉతికి ఇస్త్రీ చేయించాడు. గుండీలు మెరుస్తున్నాయి. దండం పెట్టి, మాట్లాడబోయి, ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. నిజాం గురించి గడగడా చెప్పే నోరు ఆ రోజు పెగల్లేదు.

"మేడం... ఇది ఊరి కట్టె. మా ఊరిది. ఇండ్లు విప్పిన్రు... నీళ్ళొస్తయని. కాంట్రాక్టరు కొన్నడు. మా నాయిన విప్పిండు. గీ స్తంభాలు దొర అరుగు మీదియి."

మేడం తల ఊపుతూ వింది. "మరి నిజాం?"

"అది అబద్ధం మేడం."

"బర్మా ఓడ?"

"అదీ అబద్ధమే. అయ్యన్ని నేనే పుట్టిచ్చిన."

సారు మెల్లగా అడిగాడు. "మరి ఇది పుట్టించింది కాదని మేమెట్లా అనుకోవాలి పెద్దాయనా?"

కాకా అటూ ఇటూ చూశాడు. నా వైపు కూడా చూశాడు. "నాకు జెప్పిండు సార్, ఊరు మునిగిన కాడికి తీస్కపోయి సూపెట్టిండు. ఇప్పుడు మళ్ల నీళ్ళ కింద ఉన్నది," అన్నాను నేను, అడగకుండానే. సారు నా వైపు తిరిగి, "నీకూ ఆయనే చెప్పాడు కదా బాబూ," అన్నాడు. అవును మరి. ఆయనే చెప్పాడు.

"మా అమ్మ మీద ఒట్టు సారూ," అన్నాడు కాకా.

"ఒట్టును రిపోర్టులో రాయలేం కదా. ఆ ఊరివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"మిర్యాలగూడ దిక్కు పోయిన్రు, దేవరకొండ దిక్కు పోయిన్రు. పెద్దోళ్ళంత సచ్చిపోయిన్రు."

సారు స్తంభం చుట్టూ ఒకసారి తిరిగాడు, చేత్తో తడిమాడు. "సరే, నిజమే అనుకుందాం. అప్పుడు ఇదేమైంది? డ్యాం నాటి ఒక కాంట్రాక్టరు, పాత సామాను కొని కట్టుకున్న ఇల్లు. ఒక రాజు లేడు, ఒక పేరున్న శిల్పి లేడు, ఒక శాసనం లేదు. ఏం చూసి నిలబెట్టమని రాయాలి?"

"ఊరు మునిగింది సారూ."

"అది బాధాకరమే. కాదనను. కానీ మునిగిన ఊళ్ళు చాలా ఉన్నాయి."

మేడం కాకా చెయ్యి పట్టుకుంది. నిజంగా ప్రేమగానే పట్టుకుంది. "ఒక మాట చెప్పనా? మీ వీడియోలన్నీ చూశాను. అన్నిటికంటే నాకు ఇదే నచ్చింది. చాలా బాగుంది ఈ కథ."

ఆయన మొహం చూడలేక నేను కారు దగ్గరికి వచ్చేశాను. మేడమ్మీద కోపం రాలేదు. ఎవరి మీద రావాలో కూడా తెలియలేదు. ఆ అరుగు కథ గుట్కా పొట్లాలు అమ్మే పిల్లగాడు చెప్పినా నమ్ముతారు. ఈయన చెప్తే నమ్మరు. వాళ్ళు నమ్మితే ఇంకా కష్టం, రాజు లేని కట్టెకు విలువ లేదన్నారు. ఆ మాట చుట్టుపక్కల ఊళ్ళకు కూడా పాకింది. మునిగిన ఇండ్ల కట్టె అని ఆయన నోటితోనే ఒప్పుకున్నాడని. అందుకే తర్వాత దాన్ని ఇంటికి పెట్టుకోవడానికి ఒక్కరూ రాలేదు.

కమిటీవాళ్ళు లోపల గదులు చూసి, ఫోటోలు తీసుకుని, చాయ్ కూడా తాగకుండా కారెక్కారు. నేను స్టార్ట్ చేశాను. గేటు వైపు తిప్పుతుంటే వెనక అద్దం మీద టకటకమని చప్పుడు. కాకా పరుగెత్తుకొచ్చాడు. కోటు గుండీలు ఊడిపోయి ఉన్నాయి, ఊపిరి ఆడడం లేదు. మేడం అద్దం దించింది.

"వచ్చిండు మేడం," అన్నాడు.

"ఎవరు?"

"నిజాం. వచ్చిండు. ఇందాక చెప్పలే నేను, యాదికి రాలే. మా నాయిన జెప్పంగ విన్న. గా పై అర్రల పండుకున్నడు, బేగం సుత వచ్చింది, ఆమె పల్లకి గీ మెట్ల కాడ్నే దిగింది." గొంతు ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు. ఎప్పటి గొంతే వచ్చేసింది, కానీ చేతులు రెండూ అద్దం అంచును వదలకుండా పట్టుకున్నాయి. సారు తల వంచుకున్నాడు. "నిజాం కాదంటరా సారూ, అయితే ఇంకా ఎనకటిది. బుద్ధుని గుడి కట్టె, కొండ మీదికెల్లి దించిన్రు. రాయి మీద రాసి ఉండె, నేను సూసిన, ఇప్పుడు నీళ్ళల్ల ఉన్నది. విజయనగరం రాజులు..."

"పెద్దాయనా," అంది మేడం, "ఇక చాలు."

"మీకేది గావాలె మేడం?" అన్నాడు. "ఏది రాసుకుంటరో మీరే చెప్పుండ్రి. మీరేది రాస్తే గదే నిజం. నేను ఎవలడిగినా గదే చెప్త. సచ్చేదాక గదొక్కటే చెప్త."

మేడం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అది నేను చూశాను. "పోనివ్వు బాబూ," అన్నాడు సారు. అద్దం పైకి లేస్తుంటే కాకా వేళ్ళు తీసేశాడు.

నేను గేరు వేశాను. గేటు దాకా ఆయన కారు పక్కన నడుస్తూ చెప్తూనే ఉన్నాడు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. ఆయన పెదవులు కదలడం కనబడింది గానీ, ఏ రాజు పేరు చెప్తున్నాడో మాకెవరికీ వినబడలేదు.